గడీ దాటిన రోజు

అమ్మమ్మా, నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ ఇక్కడ జర్మనీలో, బ్యోబ్లింగెన్ ఊళ్లో తెలుగువాళ్ల ప్రార్థన కూటంలో నీ పుస్తకం చదివాను. దొర గడీలో వెట్టిచాకిరి చేస్తూ పెరిగి, ముప్పై దాటాక అక్షరాలు దిద్ది, పాస్టరమ్మవయ్యాక నువ్వు రాసుకున్న నీ జీవితం.

ఒక విద్యార్థిని, "గడీకి తాళం లేదు కదక్కా, మరి అన్నేండ్లు ఎందుకున్నది?" అని అడిగింది.

"బయట ఎవరూ పని ఇయ్యకపోతుండె. దొరకు భయపడి ఇంట్లకు రానియ్యకపోతుండె" అన్నాను.

నా మేనేజర్ రోజూ తిడతాడని ఎవరికీ చెప్పలేదు. ఈ ఉద్యోగం వదిలేసి, వేరేది త్వరగా దొరక్కపోతే నా వీసా పోతుంది. అది అతనికీ తెలుసు. నీ కష్టం పక్కన దీన్ని పెట్టడానికే సిగ్గేస్తోంది.

గడీ దాటిన రోజు గురించి రాశావు. అంతకుముందు నీలో ఉన్న భయం ఎలా పోయిందో రాయలేదు, అమ్మమ్మా. రేపు సోమవారం. మళ్లీ ఆఫీసుకు వెళ్తాను.