స్తోత్రం అనబోయే ముందు

వసంత్ కుంజ్, ఢిల్లీ

ప్రియమైన అమ్మకు,

నీ అక్సా వందనాలు. దేవుని దయవల్ల నేను, జనక్‌పురిలో సరళ పిన్ని వాళ్లు బాగున్నాం. అక్కడ నువ్వు, తమ్ముడు కూడా బాగున్నారని నీ ఉత్తరం చెప్తోంది. అందులో సగమే నమ్మాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్‌లో నేను మాట పూర్తి చేసేలోపే నువ్వు "స్తోత్రం" అనేస్తావు. కాగితం మీదైతే ఆ వీలు లేదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. చలి తగ్గింది. రొట్టెలు అలవాటయ్యాయి గానీ, ఆదివారం పిన్ని చేసే చేపల పులుసు కోసం వారమంతా ఎదురుచూస్తాను. తెలుగు ఆరాధనకి తప్పకుండా వెళ్తున్నాను. పిన్ని పిల్లలు పాటలు తెలుగులో పాడి, కొట్లాటలు హిందీలో పెట్టుకుంటారు.

మందేదో కంప్యూటర్ చెప్పేశాక ఇంకా ల్యాబులో ఏం చేస్తున్నావని కూడా అడిగావు. మంచి ప్రశ్న. మన పేగుల్లో లెక్కలేనన్ని సూక్ష్మజీవులుంటాయి. అవి తయారుచేసే ప్రొటీన్లు లక్షల రకాలు. చాలావాటి పనేమిటో ఎవరికీ తెలియదు. నా పక్క సీటు ఇషిత వాటి వివరాలు కంప్యూటర్‌కిస్తే, అది ఒక్కోదాని ఆకారం గీసి, తెలిసినవాటితో పోల్చి, ఇది పేగులో వాపు తగ్గించవచ్చు అంటుంది. ఫొటో, బయోడేటా చూసి సంబంధం కుదిరేలా ఉందనడం లాంటిదది. కాపురం సంగతి ల్యాబులోనే తెలుస్తుంది. నేను ఆ ప్రొటీన్‌ని తయారుచేసి, శుభ్రపరిచి, గాజుపళ్లెంలో పెంచిన పేగు కణాల మీద వేసి చూడాలి. ఇషితకి ఒక పూట పని, నాకు నెలలు. అలాగని కంప్యూటర్‌ని తీసిపారెయ్యను. అది దారి చూపకపోతే ఆ లక్షల్లో వెతుకుతూ ఇక్కడే ముసలిదాన్నయ్యేదాన్ని.

వాపు తగ్గించే ప్రొటీన్ దొరికిందని ఆ రోజు ఫోన్‌లో నీకు చెప్పింది కంప్యూటర్ మాట. ఇంకా పరీక్షించాలి అనేలోపే నువ్వు ఏడ్చేశావు. ఆ ఆదివారమే మందిరంలో నిలబడి, తమ్ముడు స్టీవ్ పేగుపూతకి వాళ్లక్కే మందు కనిపెట్టిందని సాక్ష్యం చెప్పావు. విశ్వాసంతో వాడి చేత మాత్రలు మాన్పించానని ఇప్పుడు రాశావు. ఆ ముక్క చదివి వినిపిస్తే పిన్ని, ఎంతైనా నర్సు కదా, చేతిలో గరిటె పక్కన పెట్టేసింది.

"ఆ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుందే" అంది.

అమ్మా, ఆ ప్రొటీన్ పని చెయ్యలేదు. మళ్లీ మళ్లీ చేసి చూశాను. వాపు తగ్గలేదు. ఫలితం వచ్చి రెండు వారాలైంది. నీ గొంతులో సంతోషం విని చెప్పలేకపోయాను. మాత్రలు మాన్పించావని తెలిసుంటే ఆ క్షణమే చెప్పేదాన్ని.

నీ ఉత్తరం చదివిన వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"నేను మాత్రలు మానలేదక్కా" అన్నాడు వాడు. "కాలేజీ బాత్రూమ్‌లో వేసుకుంటున్నా. అమ్మ ఇన్నాళ్లకి నవ్వుతోంది. ఎలా చెప్పను?"

నాకు ఏడుపు ఆగలేదు. నీకు చెప్పొద్దని వాడు నా చేత మాట తీసుకున్నాడు. ఆ మాట తప్పుతున్నాను.

మందిరంలో ఏం చెప్పాలో నువ్వు బెంగపెట్టుకోకు. సెలవు పెట్టి వచ్చి నేనే నిలబడి చెప్తాను. వాణ్ణి మాత్రం తిట్టకు, ఏమీ అడగకు. ఈ ఉత్తరం అందిన మర్నాడు పొద్దున వాడు టిఫిన్ తినగానే మాత్ర, గ్లాసుడు నీళ్లు నువ్వే తెచ్చి వాడి చేతిలో పెట్టు. వాడు నీ ఎదురుగా మింగాలి.

ఇట్లు,
నీ కూతురు, వాడి అక్క,
అక్సా