మిగిలిన ఒక్క బిళ్ళ

బాపూ,

ఈ కబురు నీకు చేరదని తెలుసు. అయినా నీకు చెప్పకుండా ఉండలేను.

బొగ్గు గనిలోకి దిగే ప్రతి ఒక్కరూ నీ దగ్గర తమ నంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకునేవారు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ పట్టుకెళ్ళేవారు. నీ బోర్డు కొక్కేనికి బిళ్ళ ఉందంటే మనిషింకా కిందే ఉన్నట్టు. చివరి బిళ్ళ పోయేదాకా నువ్వు కదిలేవాడివి కాదు. అన్నం చల్లారిందని అమ్మ రోజూ తిట్టేది.

సీఐగా చేరిన వారానికే స్టేషన్‌లో అలాంటి బోర్డే పెట్టించాను. బయటికి డ్యూటీకి వెళ్ళేవాళ్ళు బిళ్ళ తగిలించి వెళ్ళాలి, వచ్చి తీసుకోవాలి. నాతో సహా.

"గిది ఠాణానా, బొగ్గు బాయా మేడం?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ యాదగిరి. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది కానీ బోర్డు తీయలేదు.

ఈరోజు ఏసీపీ ప్రమోషన్ కాగితం తీసుకుని హైదరాబాద్ నుంచి వచ్చేసరికి సాయంత్రమైంది. పగటి షిఫ్టువాళ్ళంతా వరండాలోనే కూర్చున్నారు.

"డ్యూటీ దిగినంక ఇండ్లకు పోకుండ ఏంజేస్తున్నరు?" అని గదిమాను.

యాదగిరి బోర్డు వైపు చూపించాడు. "ఒక్క బిళ్ళ మిగిలింది మేడం. మీదే."

దాన్ని తీసి జేబులో వేసుకున్నాకే లేచారు.

ఇంటికొస్తే అమ్మ తిట్టింది. చల్లారిన అన్నం ఇంత రుచిగా ఉంటుందని నువ్వెప్పుడూ చెప్పలేదేం, బాపూ?