పొయ్యిలో పెట్టని కొబ్బరిమట్ట

మంగళవారం రాత్రి, ముక్తేశ్వరం

పిల్లల కోసం రాస్తున్న నా నవలలో, రాక్షసుడు అక్క జుట్టు పట్టుకుంటే చెల్లెలు మాయకత్తి కోసం ఏడేర్లు దాటి వెళ్తుంది.

"అందాకా అక్క బతికుంటుందేంటే? చేతికేదందితే దాంతో కొట్టమను," అని మా అక్క నిన్ననే విసుక్కుంది.

ఈ సాయంత్రం బావ అక్క జుట్టు పట్టుకుని తలను గోడకేసి బాదాడు. పొయ్యి పక్కనున్న ఎండు కొబ్బరిమట్ట అందుకుని అతని మోచేతి మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడైంది. అయినా నా చెయ్యి ఆగలేదు, మళ్లీ కొట్టాను.

"చాలే, చచ్చిపోతాడు," అంది అక్క, నోట్లో రక్తంతోనే.

నవలలో రాక్షసుడు చచ్చిపోతాడు. బావ మాత్రం రేపు కట్టు కట్టించుకుని ఇంటికే వస్తాడు.

ఇందాక ఆ మట్టను పొయ్యిలో పెట్టబోయాను. అక్క లాక్కుని తలుపు వెనక నిలబెట్టింది.

"ఇది వంటకి కాదే," అంది.