తేలికపాటి ట్రైపాడ్

శనివారం, అక్టోబరు 2014, లీడ్స్

పోయిన నెల జింకల వేటలో మా వేట బృందంలోని గ్రాహం అందరి ముందూ నన్ను చూసి నవ్వాడు. "బైనాక్యులర్సే ఇలా వణుకుతుంటే వార్డులో ఇంజెక్షన్లు ఎలా ఇస్తావయ్యా?" అన్నాడు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నిన్న షాపులో, బైనాక్యులర్స్ కదలకుండా నిలబెట్టే ట్రైపాడ్లన్నీ ఎత్తి చూశాను. కార్బన్‌ది తేలికే గానీ నా జీతానికి అందదు. కూర్చుని చూడటానికి చాలినంత ఎత్తున్న పొట్టి అల్యూమినియంది కొన్నాను.

ఈరోజు కొండ మీద దానికి బైనాక్యులర్స్ బిగించగానే పొదల్లో మగజింక కొమ్ములు స్పష్టంగా కనిపించాయి. గ్రాహం తన బైనాక్యులర్స్‌తో వెతికి వెతికి, అది కనబడక, "ఒక్కసారి నన్ను చూడనీ" అన్నాడు. నేను ట్రైపాడ్ మడిచేశాను. జింక తప్పించుకుంది, పోనీ.

ఇంటికొచ్చి చెబితే నా భార్య సునీత నవ్వలేదు. "ఇది జింక కోసం కొన్నారా, అతని కోసమా?" అంది.

"అతని కోసమే" అన్నాను. అప్పటి వాడి మొహం తలుచుకుంటే ఇప్పటికీ హాయిగానే ఉంది. ఆ హాయే నన్ను కాస్త భయపెడుతోంది.