సోదరీమణి వచ్చిన రోజు

సత్వా, 1979, శుక్రవారం రాత్రి

ఒళ్ళంతా అలసటగా ఉంది. ఈ అరబ్బు దేశానికి పనికొచ్చిన మావాళ్ళ సంఘం మీటింగు మళ్ళీ మా గదిలోనే. అధ్యక్షులు రావుగారు ఎప్పటిలాగే "సోదర సోదరీమణులారా" అని మొదలుపెట్టారు. సంఘం పెట్టినప్పటి నుంచీ ఉన్నది మగవాళ్ళమే. తాగుడు మానడం దేశసేవ, చదువు నేర్వడం దేశసేవ, ఆఖరికి గది ఊడ్చుకోవడం కూడా దేశసేవే. ఆ ఉపన్యాసాలు రాసిచ్చేది నేనే.

ఇవాళ నిజంగానే ఒక సోదరి వచ్చింది. రోలా పేటలో ఒక అరబ్బు ఇంట్లో పని చేసే మరియమ్మ. తలుపు దగ్గరే నిలబడి, "మా చిన్నోడికి బాగోలేదంటండి. ఊరెళ్దామంటే కఫీలు పాస్‌పోర్టు ఇవ్వట్లేదు. మీరు నలుగురూ వచ్చి అడగండి బాబూ," అంది.

రావుగారు గొంతు సవరించుకున్నారు. "మనం గొడవకి దిగితే దేశానికి చెడ్డపేరమ్మా. కాస్త ఓపిక పట్టు."

నా పాస్‌పోర్టూ నన్ను పనికి రప్పించుకున్న యజమాని, నా కఫీలు దగ్గరే ఉంది. రేపు నేనొక్కడినే ఆమెతో వెళ్ళి అడిగితే... ఏమో.

ఆమె వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. చివర్లో జాతీయగీతం ఎత్తుకోగానే, మేమింకా చాపల మీంచి లేస్తుండగానే, ఆమె చేతులు దించుకుని నిటారుగా నిలబడింది. పాట అయ్యేదాకా నేను గోడకేసి చూస్తూ పాడాను.