వాకిట్లో బయటపడ్డ బాట

పెద్దక్కా, మన కావ్య లెక్క నిజమైంది! ముందు నోరు తీపి చేసుకొని, ఆ తర్వాత మిగతాది చదువు.

పాత బావులు, కోట దర్వాజలు, ఎత్తుపల్లాలు అన్నీ కంప్యూటర్‌లో వేసి, వరంగల్ వెనకటికి ఎటెటు పెరిగిందో నా బిడ్డ లెక్క కడుతోంది కదా. ఆ లెక్కలో మట్టెవాడలోని మన వాకిలి కింద పాత బాట ఉండాలని తేలిందట. నేను నవ్వాను. మొన్న వాళ్ల సార్లు వచ్చి తవ్విస్తే నిజంగానే రాళ్లు పరిచిన బాట కనిపించింది! "బాపూ, చూసినవా? ఇప్పుడు నవ్వు మరి!" అని చిన్నపిల్లలా ఎగిరింది. నేను పట్టలేని సంతోషంతో గల్లీ అంతా జిలేబీ పంచాను.

ఇప్పుడు వాకిలి చుట్టూ తాడు కట్టారు. కావ్య పెళ్లిపందిరికి గుంజలు పాతుకుంటానంటే తవ్వకాల ఆఫీసరు, "పెద్దాయనా, గడ్డపార పోటు గూడ పడొద్దు" అన్నాడు. మన ఇంటి ఆడపిల్లకు పందిరి వాకిట్లోనే పడాలి. ఈ మాట కావ్యతో అంటే తవ్వకమే ఆపిస్తుంది. అందుకే దానికి తెలియకుండా నీకు రాస్తున్నాను. కేసముద్రంలో మీ వాకిట్లో పందిరి వేసుకోనిస్తావా అక్కా?

నువ్వు సరేనంటే బావకు, ములుగు చిన్నాయనకు, మీ పిల్లలు మధు, రమ్యలకు చెప్పాలి. నీ మరదలు అనసూయకు మాత్రం నువ్వే వచ్చి చెప్పు. వారంలో తాడు తీసేస్తారని చెప్పాను. నమ్మి, పందిరి మీదికి నేరేడు కొమ్మలకు కూడా చెప్పి వచ్చింది.