పంపు చప్పుడుకి జపం

1988 జులై, గురువారం



డ్యూటీలో ఉండగా గుండెపోటు వచ్చిన తమ్ముడికి ఆసుపత్రిలో తొడలోంచి గొట్టం వేసి, గుండెకు సాయంగా పంపు పెట్టి మూడు రోజులైంది. ఆ టక్ టక్ వాడి గుండె చప్పుడే అనుకుని, చప్పుడుకొక పూస చొప్పున జపం చేస్తూ కూర్చున్నాను.

ఈ ఉదయం డాక్టరుగారు గుండె స్కానింగు మిషను తెచ్చి వాడి ఛాతీ మీద ఆనించారు. తర్వాత పంపు మీట తిప్పారు. చప్పుడు సగానికి పడిపోయింది. "సింహాద్రప్పన్నా!" అని అరిచేశాను. మాల కింద పడింది.

"అది పంపు చప్పుడమ్మా. సాయం తగ్గిస్తే గుండె సొంతంగా ఎంత కొట్టుకుంటుందో చూస్తున్నాం," అన్నారాయన.

తమ్ముడు కళ్లు తెరిచి ఈ అక్కను చూసి, "ఏటప్పా, నాను పోనాననుకున్నావేటి?" అని నవ్వాడు.

తెర మీద గుండె ఒక పక్కే కదులుతోంది. రెండో పక్క రాయిలా ఉంది. డాక్టరుగారు మీట వెనక్కి తిప్పారు.

"ఇప్పుడే పంపు తీయలేం. రేపు మళ్లీ చూద్దాం."

మూడు రోజులూ నేను మిషనుకి జపం చేశాను. వాడి గుండెను ఈ రోజే చూశాను. రాత్రికి ఇంటికొచ్చాను, ఇక్కడ ఏ చప్పుడూ లేదు. వాడి గుండెలో ఆ కదలని భాగాన్నే తలచుకుంటూ పూసలు తిప్పుతున్నాను. ఎన్నయ్యాయో తెలియడం లేదు.